పుట్టింటి పేలు

“నీ పుట్టింటి కోడికి పేలు పట్టాయి. మాంసం కొట్టతనికి కబురు పెట్టాను, వచ్చి పట్టుకుపోతాడు,” అంది అత్తగారు మోచేయి గోక్కుంటూ.

కోడలు నల్లకోడిని ఒళ్లో తిరగేసుకుని, తోక కింద ఈకలు విడదీసి మందుపొడి రుద్దుతోంది.

“దీనికొక్కదానికే రాస్తే లాభం లేదత్తయ్యా. మీ తెల్లకోడిని కూడా ఇలా ఇవ్వండి.”

“దాని జోలికి రాకు. నీదానిలా ఎక్కడ పడితే అక్కడ పడుకునే రకం కాదది.”

పక్కనే ఉన్న అత్తగారి కొడుకు తెల్లకోడిని పట్టుకుని తోక ఎత్తాడు. “అమ్మా, ఇక్కడ జాతర జరుగుతోంది!”

“నలకలురా అవి.”

“నడుస్తున్నాయే! అయినా గూట్లో రోజూ నల్లది ఒక్కటే కనిపిస్తోంది. మరి ఇదెక్కడ పడుకుంటోంది?”

అత్తగారు మోచేయి వదిలి మెడ గోక్కుంది. “చలికి పాపం... నా మంచం కింద.”

కోడలు తలెత్తి, అత్తగారు గోక్కున్న చోటల్లా శ్రద్ధగా చూసింది.

గేటు చప్పుడైంది. “పేలు పట్టిన కోడిని ఇస్తానన్నారట, ఏదమ్మా?” అన్నాడు మాంసం కొట్టతను.

“ఏది ఇమ్మంటారత్తయ్యా?” అంది కోడలు.

అత్తగారు తెల్లకోడిని లాక్కుని గుండెలకు హత్తుకుంది. “మా ఇంటి కోళ్లకి పేలేమిటయ్యా! ఎవడో గిట్టనివాడు చెప్పుంటాడు, పో!”

అతను వెళ్లాక తెల్లకోడిని కోడలి ఒళ్లోకి తోసింది. “ముందు దీనికి రాయి.”

“ఉండండి, మన నల్లదానికి రెక్కల కింద ఇంకా అవలేదు,” అంది కోడలు.