కొత్త సార్ మెసేజ్

“వీడికి బుర్ర లేదే!” అంటూ లాప్‌టాప్ మూతను ఠపీమని మూశాడు ఆదాం.

ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. క్రిస్టీనా చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది.

“ఎవరికండీ?”

“ఇంకెవరికి? మా కొత్త సార్‌కి.”

ఆదాం గుంటూరులో ఇంటి నుంచే ఒక హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. అక్కడ తయారయ్యే ప్రతి సాఫ్ట్‌వేర్ పుట్టుపూర్వోత్తరాలూ అతను చూసుకునే వెబ్‌సైటులో ఉంటాయి. ఏ రోజు తయారైంది, ఏయే ముక్కలు కలిపారు, ఎవరు కలిపారు, నిలబడిందా, మధ్యలోనే చెడిందా, అన్నీ. ఒక్కో తయారీని బిల్డ్ అంటారు. ఆ సైటు ఆగిపోకుండా చూడటం, వీలైనప్పుడల్లా బాగుచేయడం అతని ఉద్యోగం.

“ఏమన్నాడేంటి?” పాపను భుజాన వేసుకుంటూ అడిగింది క్రిస్టీనా.

“చెడిపోయిన బిల్డులన్నీ పైన కనపడాలట. మంచివాటిలో కలిసిపోతే తర్వాత ఏరలేమట. ఇది వెబ్‌సైటనుకున్నాడా, మిర్చి యార్డనుకున్నాడా? అసలు చదువుకున్నాడో లేదో! పాత సార్ అయితే ఫోన్ చేసి గంటసేపు మాట్లాడేవాడు. ఈయన గొంతెలా ఉంటుందో కూడా నాకు తెలీదు. రెండు ముక్కల మెసేజ్, అంతే. కొత్త బిల్డులు ఒక్కటీ పంపడు. పాతవే సర్దు, పాతవే సర్దు.”

“పోనీ సర్దండి. జీతం ఇస్తున్నారుగా.”

“సగం జీతం! మొన్న వానాకాలంలో టీమంతా తీసేసి నన్నొక్కణ్ణే ఎందుకుంచారు? నా పనేంటో తెలుసు కాబట్టి. టెన్త్ మధ్యలో మానేసినదానివి, నీకు చెప్పినా అర్థం కాదులే.”

క్రిస్టీనా పాప వీపు తట్టింది. పాప చెయ్యి తల్లి చెవిని తడిమింది. కమ్మలు ఉండాల్సిన చోట చీపురుపుల్ల ముక్క గుచ్చుకుంది.

వరండాలోంచి ఎలీసమ్మ గొంతు వినపడింది. ఆదాం తల్లి.

“ఏమే, ఇవాళ కూడా షెడ్డుకి పోతావా? మొగుడు కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంటే పెళ్ళాం మిరపకాయలకి తొడిమలు తియ్యటానికి పోవటమేంటే? చర్చిలో అందరూ నన్నే అడుగుతున్నారు.”

“ఇంట్లో తోచదత్తయ్యా.”

“పసిబిడ్డని పెట్టుకుని తోచదంట! బయట తిరగటం మరిగావు నువ్వు.”

ఆదాం మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు.

“ఇవాళ తేల్చేస్తా. ‘ఇప్పుడే ఫోన్ చేసి నాతో మాట్లాడండి, లేకపోతే ఈ రోజుతో మానేస్తున్నా’ అని కొట్టేస్తున్నా.”

క్రిస్టీనా ముఖం పాలిపోయింది.

“వద్దండీ. మీకు దణ్ణం పెడతా. వద్దు.”

పెళ్ళైన కొత్తలో అతనికి ఇలాగే ఒక ఉద్యోగం పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దర్శి దగ్గర సొంతూరికి వెళ్ళి, పత్తిచేలో పురుగుమందు తాగి పడిపోయాడు. ఎవరో చూశారు కాబట్టి బ్రాడీపేట ఆసుపత్రిలో బతికాడు. “పని లేకపోతే నేను మనిషినే కాదు క్రిస్టీ” అని ఆ మంచం మీద అన్న మాట ఆమె ఇంకా మర్చిపోలేదు. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం ఇది.

“పంపేశా,” అన్నాడు ఆదాం.

క్రిస్టీనా పాపను అత్త ఒళ్ళో పెట్టేసింది. “పాలు పొయ్యి మీదున్నాయి,” అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదాం ఫోన్ పట్టుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగాడు. మొదట్లో ఉన్న ఊపు కాస్త కాస్తగా దిగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

“అమ్మా, తొందరపడ్డానంటావా?”

“నీ కోపమే నీకు శత్రువురా. ఇంకా ఫోన్ రాలేదా?”

“లేదు.”

కుర్చీలో కూలబడ్డాడు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

“పాలు పొంగిపోతున్నాయే! ఎదురుగా నిలబడి అవి కూడా చూసుకోలేవా?” అని అరిచాడు.

అప్పుడే ఫోన్ టింగుమంది.

“ఆదాం గారూ, సారీ. గొంతు బాగాలేక మాట్లాడలేకపోతున్నా. మీకు ఎలా తోస్తే అలాగే చెయ్యండి. మీరు మానేస్తే ఇక్కడ అంతా ఆగిపోతుంది. దయచేసి ఉండండి.”

ఆదాం లోపల చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు. ముఖంలోకి కళ వచ్చింది.

“విన్నావా అమ్మా? నేను మానేస్తే అంతా ఆగిపోతుందట!”

“దేవునికి స్తోత్రం,” అంది ఎలీసమ్మ. “ఏమే, ఇటు రా. విను నీ మొగుడి విలువ. పరాయివాడికి తెలిసింది, నీకు తెలియలా.”

క్రిస్టీనా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మానటం లేదుగా?”

“ఇంత బతిమాలుతుంటే ఎలా మానేస్తాను? పోనీలే, పాపం.” కాలరు సర్దుకున్నాడు ఆదాం. “అంత పెద్దమనిషి నాకు సారీ చెప్పాడు. పెళ్ళై ఇన్నాళ్ళయింది, నువ్వు ఎప్పుడైనా చెప్పావా?”

“లేదండీ,” అంది క్రిస్టీనా.

వంటింట్లోకి తిరిగి వెళ్ళి, ఆ సారీ రాసి పంపిన పాత ఫోన్ను బియ్యం డబ్బాలో అడుక్కి తోసి, వానాకాలంలోనే మూతపడిన ఆ కంపెనీ తరఫున మొగుడికి ఈ నెల జీతం సంపాదించడానికి మిరపకాయల షెడ్డుకు బయల్దేరింది.