చక్రాల కింద నిమ్మకాయలు

కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగడానికి కారవాన్ కొందామని శ్రీపతి అనగానే వాళ్లక్క విద్యావతి పొంగిపోయింది. సిడ్నీ షోరూములో పొయ్యి వెలిగించి చూసింది, మంచమెక్కి పడుకుని చూసింది.

"నీకు నచ్చిందే తీసుకుందాం అక్కా."

సముద్రం బాగా కనిపిస్తుందని పెద్ద కిటికీ ఉన్నది ఎంచుకుంది.

బండి పెరట్లోకి రాగానే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. "ఊఁ, తొక్కించరా! ముందు ఎక్కడికి?"

శ్రీపతి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాడు.

"ఎక్కడికీ కాదక్కా. ఇకనుంచి నువ్వుండేది ఇందులోనే. నీ రూము వైటూకే కంప్యూటర్ పని కోసం ఇండియా నుంచి వచ్చిన కుర్రాళ్లకి రెంట్‌కిచ్చేశా."

విద్యావతి పెద్ద కిటికీ వైపు చూసింది. దాని ఎదురుగా బట్టలారేసే తీగ ఉంది.

"ఆ నిమ్మకాయలు పారేయకు," లోపలికి వెళ్తూ అన్నాడు శ్రీపతి. "రేపు వాళ్ల లంచ్‌కి పులిహోర కలుపు."