బేరమాడని మనిషి

శోభనాద్రికి తెలివితేటలు ఎక్కువ. ఆ సంగతి అందరికంటే ముందు చెప్పేది ఆయనే.

గేదెను కొన్నా, గొడుగు కొన్నా చెప్పిన ధరలో సగానికి దిగి, అక్కడినుంచి గీచి గీచి బేరమాడటం ఆయన విద్య. కూరగాయలమ్మేవాళ్లు ఆయన్ని దూరంనుంచి చూసి సందు మారిపోయేవాళ్లు. దాన్ని ఆయన గౌరవం అనుకునేవాడు.

అలాంటి మనిషి ఆ శనివారం మొవ్వనుంచి బందరు వచ్చాడు, కూతురికి ల్యాప్‌టాప్ కొనడానికి.

కూతురు తనూజ పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు చేసి చూపిస్తేనే డిప్లొమా చేతికొస్తుంది. కాలేజీ ల్యాబులో పనిచేసే కంప్యూటర్ల కంటే పడకేసినవే ఎక్కువ. ఆ ఏడు తుఫానుకి చేను నీళ్లపాలైంది కాబట్టి, చవకగా వచ్చేది, మధ్యలో మొరాయించనిది ఏదైనా చాలంది.

తానూ వస్తానంది. శోభనాద్రి ఒప్పుకోలేదు. ఆడపిల్ల మొహంలో ముచ్చట చూస్తే కొట్టువాడు ధర పెంచుతాడట. బావమరిది నాగేశ్వరరావును వెంటబెట్టుకొచ్చాడు. నాగేశ్వరరావుకి కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు. బావ ఏమన్నా తలూపడం తెలుసు.

"బావా, తనూజ చెప్పిన కొట్టు ఇదే" అన్నాడు నాగేశ్వరరావు.

ఆ మాటకి కొట్టు మెట్ల మీద కూర్చున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు, చేతిలో నల్ల సంచి.

తన దగ్గర ల్యాప్‌టాప్ ఒకటి ఉందనీ, తను వాడిందేననీ, అమ్ముదామనుకుంటున్నాననీ చెప్పాడు. అక్కడే తెరిచి చూపించాడు. తెర వెంటనే వెలిగింది. మీటల మీద అక్షరాలు కొంచెం అరిగాయి తప్ప వంక పెట్టడానికేమీ లేదు.

శోభనాద్రి గేదె పళ్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంతేంటి?"

"పన్నెండు వేలనుకున్నానండీ."

"ఆరు."

ఇప్పుడు అవతలివాడు గుండె పట్టుకోవాలి. అస్సలు గిట్టదనాలి. సంచి సర్దుకుని నాలుగడుగులు వెయ్యాలి, వీళ్లు వెనక్కి పిలవాలి. లోకంలో బేరమంటే అదే.

"సరేనండీ, తీసుకోండి" అన్నాడాయన.

శోభనాద్రి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఆరు కాదు, నాలుగే ఇస్తా."

"అలాగేనండీ. ఇప్పుడే ఇవ్వక్కర్లేదు, మీ వీలు చూసుకుని ఇవ్వండి."

"మాకు అరువు తెచ్చుకునే ఖర్మ పట్టలేదు" అని శోభనాద్రి బావమరిదిని పక్కకి లాగాడు. సొంత సొమ్మయితే మనిషి ఉసూరుమనాలా వద్దా? వీడికి చీమ కుట్టినట్టైనా లేదంటే సొమ్ము వీడిది కాదు.

నాగేశ్వరరావు తలూపాడు.

శోభనాద్రి వెళ్లి ఆ మనిషి చొక్కా పట్టుకున్నాడు. ఎక్కడ కొట్టేశావన్నాడు. నీ పేరేంటి, ఏం పని చేస్తావన్నాడు. జనం పోగయ్యారు. 

"అది మాత్రం అడక్కండి" అన్నాడా మనిషి.

దొంగ కాకపోతే పేరు చెప్పడానికేం? శోభనాద్రి అతని చెంప ఛెళ్లుమనిపించాడు.

పోలీసులకి అప్పగించమన్నారెవరో. సాక్ష్యాలంటూ కోర్టు చుట్టూ తిరిగే ఖర్మ తనకెందుకని శోభనాద్రి వదిలేశాడు. అదీ తెలివే.

ఆ మనిషి చెంప తడుముకుని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొట్టులోపల సంగతే వేరు. యజమాని ఆకాశంలో మొదలుపెట్టాడు. పిల్లల మీద ఒట్టేశాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు. మీలాంటివాళ్లు రోజుకి ఇద్దరొస్తే కొట్టు మూసుకోవాలని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేశాడు. మధ్యాహ్నమంతా అలా ఏడ్చి ఏడ్చి తళతళలాడేది ఒకటి అంటగట్టాడు. అంత ఏడ్చినవాణ్ని నమ్మకపోతే ఎలా?

తిరుగు బస్సులో శోభనాద్రి తన గొప్ప వినిపించని సీటు లేదు. ఇంటికెళ్లి దొంగను పట్టి కొట్టిన వైనం పెళ్లానికీ కూతురికీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

సరిగ్గా ప్రాజెక్టు చూపించాల్సిన వారంలో తళతళలాడేది నల్లబడి ఊరుకుంది. చెడిపోయిన పార్టుకి గ్యారంటీ వర్తించదన్నాడు కొట్టు యజమాని. ఈసారి ఏడవలేదు.

తనూజ కాలేజీకి ఉత్తచేతులతో వెళ్లి, అలాగే తిరిగొచ్చింది. ఇక డిప్లొమా వచ్చే ఏడాదే.

శోభనాద్రి మీసం దువ్వాడు. కాలేజీకి వచ్చి మీ సారుతో తానే మాట్లాడతానన్నాడు. గడువు అడగడం ఒక లెక్కా, అదీ బేరమేగా.

"సీమోను సారు బదిలీ అయి వెళ్లిపోయారు నాన్నా. వెళ్తూ తన ల్యాప్‌టాప్ మా క్లాసు క్రిస్టినాకి ఇచ్చేశారు."

"ఎంతకి?"

"ఊరికే."

శోభనాద్రి నవ్వాడు. ఊరికే ఇచ్చే వెర్రివాళ్లు కూడా ఉంటారా అన్నాడు.

తనూజ నవ్వలేదు.

"ముందు నాకే ఇద్దామనుకున్నారట. క్రిస్టినా ఇవాళే చెప్పింది. ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకోవని, అమ్ముతున్నట్టుగా నీ చేతికివ్వడానికి ఆ శనివారం కొట్టు మెట్ల మీద కూర్చున్నారట."

శోభనాద్రి చెయ్యి మీసం మీదనుంచి దిగింది. తనూజ సారునని ఆయన అప్పుడే ఒక్కమాట అనొచ్చుగా అన్నాడు.

"అలా అంటే, మన ఇంట్లో ఇబ్బంది నేనే బయట చెప్పానని నీకు తెలిసిపోయి, ఆ దెబ్బ ఇంటికొచ్చి నాకు పడుతుందని ఊరుకున్నారట."