రాగితో కలిసే మాత్ర

తన భార్య దాలమ్మను చంపింది డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలే. కూర్మయ్యకు ఇందులో అనుమానం లేదు. అందుకే తను పనిచేసే కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ నుంచి యూనియన్ వాళ్ళను వెంటబెట్టుకొని ఆస్పత్రికి వచ్చాడు. బావమరిది పోలిరాజు ఎర్రజెండాతో గేటు దగ్గర నిలబడ్డాడు. కూర్మయ్య ఊఁ అంటే ఘెరావే, చుట్టుముట్టి ఎవరినీ బయటికి కదలనివ్వరు. ప్రభుత్వం తమది, పోలీసులు రారు.

"కూర్చోండి దాదా," అంది డాక్టర్ అరుంధతి. ఆమెది వరంగల్.

"కూకోడానికి రానేదు. తాగొచ్చి వాగతన్నాననుకోకు, కాళీఘాట్ అమ్మోరికి మొక్కి మానీసినాను. ఆ మాత్తర్లు ఇంకెవులికీ ఇవ్వనని నలుగుర్లో సెప్పు. నేకపోతే ఇయాల నువ్వింటికెల్లవు."

"ఎట్లా ఆపుతం? కొందరికి గడ్డ పెరగడం ఆగింది."

వరండాలో ఆ మాత్రల కోసం వచ్చినవాళ్ళు బల్లల మీద నుంచి కదల్లేదు. వాళ్ళ చూపంతా కూర్మయ్య మీదే ఉంది.

"అసలది కేన్సర్ మందే కాదట గదా. మీ కాంపౌండర్ సెప్పినాడు."

"నిజమే. వేరే పనికి వాడే పాత గోలీ. ఒంట్లో రాగితో కలిస్తే కేన్సర్ మీద పనిచేస్తదని చూస్తున్నం. అందుకే దానితో రాగి గోలీ కూడా ఇచ్చినం. మీ ఆమెకు చెప్పే ఇచ్చినం, ఆమె ఒప్పుకున్నది."

"మా ఆడదాన్ని ఎలకని సేసీసినారు."

"ఆమె పోయింది రోగంతోనే దాదా. రక్తం పరీక్ష చేసినం. రాగి ఎక్కువే ఉంది. ఆ పాత గోలీ జాడే లేదు. ఆమె ఒక్కటి కూడా మింగలే."

"అబద్దం. పూట పూటా పొట్లం ఇప్పీది. నాకు కూడెట్టే ముందు ఇప్పీది. నా కల్లతో సూసినాను."

అరుంధతి దాలమ్మ కేసు కాగితాలు ముందుకు జరిపింది.

"నాకూ అర్థం కాలే. మొదటి రోజే చెప్పిన, ఇది మింగి సారా తాగొద్దని. చుక్క పడ్డా వాంతులు, గుండెదడ. ఆమె తాగే మనిషి కాదాయె. అయినా మళ్ళీ మళ్ళీ అడిగింది, ఎవరు మింగినా అంతేనా అని."

చుక్క పడగానే కక్కుకున్న రాత్రులు కూర్మయ్యకు గుర్తొచ్చాయి. ఇంకేమీ అడగకుండా బయటికి నడిచాడు.

గేటు దగ్గర పోలిరాజు ఎదురొచ్చాడు. "ఏటన్నాది బావా? మొదలెట్టీమంటావా?"

"జెండా దించీరా."

"అదేటి? డాక్టరమ్మ టీ పోసి పంపించిందేటి? మా అక్క పానానికి ఇలవ నేదా?"

కూర్మయ్య ఆగలేదు.

"నా తాగుడు మాన్పించింది కాళీఘాట్ మొక్కు కాదురా, మీ అక్క నా కూట్లో కలిపిన మాత్తర్లు. ఇంకెప్పుడూ నన్నీ ఊసడక్కు."