అమ్మ గొంతున్న పెట్టె

కాదమ్మడూ, ‘మేడమ్’ అని కాదు, నేను చెప్పినట్టు ‘దొంగ’ అనే రాయి. మా అక్క ఆవేళ అన్నమాట అదే.

ఆవిడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే టీచరమ్మ. అక్క బట్టలు కుట్టే గదికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

“లోపలికి రావచ్చా అక్కా?”

“కొలతలకా?”

“కాదు. మీ జోలపాట నేర్పుతారేమోనని.”

మిషను మీద అక్క కాలు ఆగిపోయింది.

ఎందుకాగదూ! అక్క చిన్నప్పుడు ఆ యూనివర్సిటీ నుంచే ఒకాయన టేపు మిషనుతో వచ్చి, మా అమ్మ చేత మా వాళ్ల పాటలన్నీ పాడించుకుపోయాడు. పుస్తకాలేశాడు, పెద్దవాడయ్యాడు. అమ్మ పోయాక ఆ గొంతు ఒక్కసారి వినిపించండి బాబూ అని అక్క వెళితే, “అవి మావి, మీకు అనుమతి లేదు” అన్నారు. అమ్మ మొహం గుర్తుంది గానీ గొంతే గుర్తు రావట్లేదని అక్క కుమిలిపోయేది.

“టేపు మిషనేదీ?” అంది అక్క, ఆవిడ సంచీ వంక చూస్తూ.

“తేలేదక్కా.”

“కాగితం, పెన్ను?”

“అవీ లేవు. వద్దంటే వెళ్లిపోతా.”

కోడలు అక్క చెవిలో గొణిగింది. “ఖాళీ చేతుల్తో వచ్చిందంటే బాగా ఆరితేరిందే అత్తయ్యా. ఎక్కడో దాచే ఉంటుంది.”

“నాకు తెలీదా ఏంటే!”

మా ఇళ్లలో ఒక అలవాటుంది. చదువుకున్నవాళ్లు పాటడిగితే తలా తోకా మార్చి పాడతాం. అక్క చివరి చరణం ముందు పెట్టి, మొదటిది మధ్యలో ఇరికించి, నవ్వు రానీకుండా పాడింది. కోడలు మాత్రం ఆపుకోలేక గుడ్డల మూట చాటుకి పోయింది.

ఆవిడ గుమ్మంలోనే కూచుని, కళ్లు మూసుకుని అంతా వింది.

“మీ అమ్మగారి గొంతు గుర్తుందా అక్కా?”

అక్కకి ఒళ్లు మండిపోయింది. “గొంతు మీ బీరువాలో పెట్టి తాళమేసుకుని నన్నడుగుతావా? లే! దొంగమొహమూ నువ్వూనూ!”

ఆవిడ లేచి వెళ్లిపోయింది.

వానలు తగ్గాక ఇంటిముందు వ్యానాగింది. డ్రైవరు ఒక పెట్టె దించాడు. నిండా టేపులు, ఒక మిషను. మీట నొక్కాడు.

అమ్మ!

అక్క నోట్లో గుండుసూది అలాగే ఉండిపోయింది.

కాసేపటికి తేరుకుంది గానీ అనుమానం చావలేదు. “దీనికి బదులు ఏం కావాలంట?”

“ఏమీ అడగలేదమ్మా. ఎవరివి వాళ్లకిచ్చేయండని టీచరమ్మ పైవాళ్లతో ఏళ్ల నుంచీ కొట్లాడుతోంది. ఇస్తారో ఇవ్వరో తెలీక, ఇక్కడికొచ్చినప్పుడు మీకు చెప్పలేదు. ఆఖరికి, ఒక్క పెట్టె ఇస్తాం, ఏదో నువ్వే తేల్చుకో, తీసుకుని ఉద్యోగం మానేసి పో అన్నారు.”

“ఏదీ ఆ పిల్ల?”

“ఊరొదిలి వెళ్లిపోయిందమ్మా.”

వ్యానెక్కబోతూ ఆగాడు.

“అక్కడ బీరువాలో దీని పక్క పెట్టెలోనే టీచరమ్మ వాళ్లమ్మ గొంతుంది. వాళ్ల జనమంతా పోయి, వాళ్ల భాష తెలిసింది ఈవిడొక్కత్తే మిగిలింది. నీదే తెచ్చుకో టీచరమ్మా అన్నాను. ‘మా అమ్మ పాడితే వినడానికి నేనొక్కదాన్నే, అక్కడైతే వినేవాళ్లు ఇంటినిండా ఉన్నారు’ అంది.”

అమ్మడూ, ఆవిడ ఎక్కడుందో వెతికి, ఇది నెమ్మదిగా చదివి వినిపించు తల్లీ.