అనుమతించాలా?

“పాస్‌వర్డ్ నాకు తెలుసు. చెబుతాను, కొట్టమ్మా” అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి.

ఇంటికొచ్చి కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి చెయ్యి కీబోర్డు మీదే ఆగింది. తెర మీదున్న మెయిల్ అడ్రసులో ఒక ఆడమనిషి పేరుంది.

“ఇది మీ అకౌంటు కాదు కదండీ?”

“లోపలి గదిలో ఉన్నావిడది.”

“ఆవిడ మీకేమవుతారు?”

“నాలుగింటికల్లా అయిపోవాలమ్మా. ముందు పని కానియ్యి.”

అడిగిందొకటి, చెప్పిందొకటి. అమ్మాయికి మనసులో ఏదో గుచ్చుకుంది.

పని చిన్నదే. పాత మెయిల్ ప్రోగ్రాము ఉత్త పాస్‌వర్డుతో తెరుచుకోవడం మానేసింది. ఇప్పుడు విడిగా ఒక పేజీ వస్తుంది, అందులో సైన్ ఇన్ అవ్వాలి, ఆపైన ఫోన్లో ఒప్పుకోవాలి. అకౌంటు గలవాళ్ళు పక్కనుంటే అయిదు నిమిషాలు.

ఆయన తడుముకోకుండా పాస్‌వర్డు చెప్పాడు. ‘లాగిన్ అవుతున్నది మీరేనా?’ అని ఫోన్ అడిగింది. పువ్వుల కవరున్న ఆ ఫోను కూడా ఆయన జేబులోంచే వచ్చింది. ‘అవును’ అని ఆయనే నొక్కేశాడు.

“ఒక సందేహమమ్మా. ఇదే కంప్యూటర్లోంచి నేను ఇంకో అకౌంటుతో మెయిల్ పంపిస్తే, ఇక్కణ్ణించే వచ్చిందని ఆవిడకి తెలిసిపోతుందా?”

“తెలిస్తే ఏమవుతుంది?”

ఆయన లోపలి గది వైపు చూసి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

తెర మీద ఆఖరి ప్రశ్న వచ్చి నిలబడింది. ఈ ప్రోగ్రాము మీ మెయిళ్ళన్నీ చదవడానికి, పంపడానికి, తుడిచెయ్యడానికి అనుమతించాలా?

పోయినేడాది ఇలాగే ఒక పెద్దమనిషి తియ్యటి మాటలు నమ్మి, ఆయన చెల్లెలి అకౌంటుకి ఆమె ‘అనుమతించు’ నొక్కింది. నెల తిరక్కుండా ఆ చెల్లెలు షాపుకొచ్చి, “దొంగ చేతికి తాళాలిచ్చావు కదే!” అని నలుగురిలో దుమ్మెత్తిపోసింది. ఆ మాట ఇంకా చెవిలో మోగుతూనే ఉంది.

అమ్మాయి మౌస్ వదిలేసి లేచింది. “ఆవిడనొక మాట అడిగొస్తానండీ.”

“వద్దమ్మా, ఆవిడ కంగారుపడుతుంది!”

ఆయన లేచేలోపే ఆమె గదిలో ఉంది.

కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ. నీటుగా దువ్విన తల. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టుంది. వెనకాలే వచ్చిన పెద్దాయన మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రమ్మంటేగాని రానివాడిలా.

“అమ్మగారూ, మీ మెయిళ్ళు ఈయన చూడొచ్చా? మీకిష్టమేనా?”

“చూడకపోతే ఎలా? నాకు చదివి పెట్టేది ఆయనేగా.” పెద్దావిడ మొహం విప్పారింది. “మా ఆయన దగ్గర్నుంచి రోజూ నాలుగింటికి ఉత్తరమొచ్చేది. నాలుగు రోజులై జాడ లేదు. వచ్చిందా?”

“ఇంతకీ ఈయనెవరండీ మీకు?”

పెద్దావిడ గుమ్మం వైపు చూసి మర్యాదగా నవ్వింది. “ఎవరో తెలీదమ్మా. మంచివాడు. మా ఆయన పని మీద వెళ్ళిన దగ్గర్నుంచీ వచ్చి సాయం చేస్తుంటాడు, పాపం.”

అమ్మాయికి ఒళ్ళు మండింది. నాలుగంగల్లో గుమ్మం చేరి, పళ్ళు బిగించి అడిగింది.

“ఆవిడ మొగుడి పేరు పెట్టుకుని ఆ ఉత్తరాలు రాస్తున్నది మీరేనా?”

“ఆ మొగుణ్ణి నేనేనమ్మా” అన్నాడాయన, ఆవిడకి వినపడకుండా.