పన్నెండో పేజీలో అంతకుడు

నేను చెప్పే కథల్లో ఆవగింజంత అబద్ధం కూడా ఉండదు. కావాలంటే మా ఊళ్ళో ఎవరినైనా అడగండి. మా ఆవిడని మాత్రం అడగకండి.

సరస్సు ఒడ్డున అద్దె పుస్తకాల షాపు. సెలవులు గడపడానికి వచ్చి లాడ్జిలో దిగిన ఒకావిడ విసురుగా లోపలికొచ్చి, నవల తెచ్చి బల్ల మీద పడేసింది.

"పన్నెండో పేజీ చూడండి!"

షాపతను చూశాడు. కథలోకి వంటవాడు అడుగుపెట్టే చోట, పేజీ అంచున, పెన్సిల్‌తో గుండ్రంగా రాసి ఉంది: 'వీడే అంతకుడు.'

"మూడు వందల పేజీల నవల! పన్నెండో పేజీకే హంతకుడు దొరికిపోతే మిగతాదేం చేసుకోను? విసురుకోనా?" అనేసి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ సీజన్లో షాపులోంచి కదులుతున్న పుస్తకం అదొక్కటే. ఇలాంటిదే ఒక సరస్సు, ఇలాంటిదే చిన్న ఊరు, లాడ్జిలో ఒక హత్య, టీ తాగుతూ ఒకరినొకరు అనుమానించుకునే మనుషులు. అది కూడా కదలకపోతే నెలాఖరుకి షాపు ఖాళీ చేయించి ఈత ట్యూబులు అమ్ముకుంటానని, గది ఇచ్చిన బావమరిది తేల్చి చెప్పాడు. ఎలా కనిపిస్తుందో చూద్దామని ఒక ట్యూబు తెచ్చి గుమ్మానికి తగిలించి వెళ్ళాడు కూడా.

షాపతను రిజిస్టరు తిరగేశాడు. ఆవిడకంటే ముందు పుస్తకం తీసుకెళ్ళింది ముగ్గురే: పళ్ళ డాక్టరు, రిటైరైన టీచరమ్మ, పడవ బాబాయి. డాక్టరు రాసింది డాక్టరుకే అర్థం కాదు, కాబట్టి ఆయన్ని వదిలేశాడు. గుండ్రటి రాత అంటే ఇంకెవరు, టీచరమ్మే!

సాయంత్రం ఆవిడ రాగానే నవల ముందుకి తోశాడు.

"ఈ రాత ఎవరిదో కాస్త పోల్చి చెప్పండి టీచరమ్మా," అంటూ ఆవిడ వేళ్ళకేసి చూశాడు, పెన్సిల్ మసి అంటిందేమోనని.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నన్నే అనుమానిస్తున్నావా? ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దినదాన్ని. అంతకుడంటే యముడయ్యా! హంతకుడికి 'హ' ఉండాలి. 'హ' మింగేసే మనిషెవరో వెతుక్కో."

సరిగ్గా అప్పుడే పడవ బాబాయి గుమ్మంలోని ట్యూబు తప్పించుకుని లోపలికొచ్చాడు.

"ఏంట్రా అబ్బాయ్, మొహం అలా పెట్టావ్? బయట గాలి ఎంత ఆయిగా ఉందో, రాకూడదూ?"

షాపతనూ టీచరమ్మా మొహమొహాలు చూసుకున్నారు.

"బాబాయ్, ఒక్కసారి 'హంస' అను."

"అంస. ఏదీ, ఎక్కడ?" అని బాబాయి సరస్సు వైపు తొంగిచూశాడు.

"దొరికావ్! నా పొట్ట కొట్టడానికి నీకు నా పుస్తకమే దొరికిందా?"

"నేనా! నాకు చదువే రాదు కదరా!"

"చదువు రానివాడివి నవలెందుకు తీసుకెళ్ళావ్?"

"మీ పిన్ని కోసం. ఆవిడని అనుమానించకు సుమా. ఆ అక్షరం ఆవిడకి బ్రమ్మాండంగా వచ్చు. నేనేం చెప్పినా ఆ ఒక్క అక్షరమే అని మూతి తిప్పుతుంది."

షాపతను ఇంకా ఎగిరేవాడే. టీచరమ్మ బల్ల మీద తట్టింది. "అరుపులు తర్వాత. ఇంతకీ నువ్వీ నవల చదివావా?"

అద్దెకివ్వడమే తప్ప తన షాపులో పుస్తకం ఒక్కటీ అతను చదివిన పాపాన పోలేదు.

"కూర్చుని చదువు," అని బళ్ళో చెప్పినట్టే చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి నవల పూర్తయింది. వంటవాడు ఎవరినీ చంపలేదు సరికదా, నూట నలభయ్యో పేజీలో అతన్నే ఎవరో చంపేశారు!

షాపతను చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే లాడ్జికి పరిగెత్తాడు. "అమ్మా, వంటవాడు కాదండీ!"

"మరెవరు?" అంది సెలవులావిడ.

"చెప్తే చదవరు కదండీ."

ఆవిడ అతని చేతిలో పుస్తకం లాక్కుంది. భోజనాల బల్ల దగ్గర నలుగురికీ చెప్పింది. వారం తిరిగేసరికి, అంచు మీద రాత నమ్మాలా వద్దా అని వాదించుకుంటూ లాడ్జి లాడ్జంతా షాపు ముందు వరస కట్టింది. ఖాళీగా వెళ్ళడమెందుకని వేరే పుస్తకాలు కూడా పట్టుకెళ్ళారు. బావమరిది వచ్చి ట్యూబు విప్పుకుపోయాడు.

ఆ మధ్యాహ్నమే షాపతను పది నవలలు చంకన పెట్టుకుని, కొత్త పెన్సిల్ చెక్కి, పడవ బాబాయి ఇంటికి వెళ్ళాడు.

"బాబాయ్, వీటిలో కూడా ఒక్కో అమాయకుణ్ణి చూసి రాసిపెట్టవా?"

"నాకు చదువే రాదంటే వినవేంరా!" అంటూనే బాబాయి పెన్సిల్ మొన నాలుకకి అద్దుకున్నాడు. "అన్నిట్లోనూ పన్నెండో పేజీయేనా? మార్చి మార్చి రాయనా?"

నేను రాసిన ఈ కాగితాలు టీచరమ్మకి చూపిస్తే, పోయిన 'హ'లన్నీ ఎక్కడివక్కడ పెట్టి ఇచ్చింది. ఇక ఇందులో నేను కల్పించింది ఒక్కటే: నాకు పడవ లేదు.